ఇద్దరూ చూస్తేనే లెక్క

ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే నాకు ముందు విసుగొస్తుంది. ఆకాశం చూసే ఉద్యోగం అని చెబితే, "అయితే మా అబ్బాయి జాతకం కాస్త..." అని మొదలుపెట్టినవాళ్ళు కోల్‌కతా న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులోనే ఇద్దరున్నారు. జాతకం కాదండీ, రేడియో అంటే "ఓ, ఎఫ్‌ఎమ్మా?" అంటారు. పాపం రాత్రంతా మేలుకోవాలి కాబోలు అని జాలిపడేవాళ్ళు ఇంకొందరు. ఆ జాలి కూడా దండగే. మాది పగటి ఉద్యోగం. రేడియోకి ఎండ అడ్డం రాదు, మబ్బు అడ్డం రాదు. మధ్యాహ్నం అన్నం తిని ఆవలిస్తూ కూడా ఆకాశాన్ని చూడొచ్చు. నేను చాలాసార్లు అలాగే చూశాను.

అసలు విషయం చెప్పేస్తాను, లేకపోతే కథ ముందుకు కదలదు. మన పాలపుంతకు అవతల, ఎక్కడో వేరే గెలాక్సీలో, ఏదో ఒకటి ఉండుండి రేడియోలో ఒక చిటిక వేస్తుంది. మనం రెప్ప వేసే లోపల అలాంటివి ఎన్నో వేసెయ్యొచ్చు, అంత చిన్న చిటిక. ఫాస్ట్ రేడియో బర్స్ట్ అంటారు దాన్ని. మేం పొట్టిగా బర్స్ట్ అంటాం. చాలావరకు ఒక్కసారే వేసి ఊరుకుంటాయి. కొన్ని మాత్రం మళ్ళీ మళ్ళీ వేస్తాయి. ఎందుకు వేస్తాయో, ఎప్పుడు వేస్తాయో ఎవరికీ సరిగ్గా తెలీదు. తెలుసని గట్టిగా చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. అలా మళ్ళీ మళ్ళీ పలికే ఒకదాన్ని పట్టుకుని మేం కూర్చున్నాం. దానికి పేరంటూ లేదు, ఆకాశంలో ఎక్కడుందో చెప్పే అంకెలే పేరు. అంకెల్ని పట్టుకుని తిట్టలేం కదా, అందుకని నేను మహానుభావుడు అని పిలిచేదాన్ని.

టెలిస్కోపు కోల్‌కతాలో లేదు. పుణె అవతల పొలాల మధ్య పెద్ద పెద్ద డిష్షులున్నాయి. అర్జీ పెట్టుకుంటే అప్పుడప్పుడూ కొన్ని గంటలు మాకిస్తారు. వాళ్ళక్కడ డిష్షులు తిప్పుతారు, మేమిక్కడ న్యూ టౌన్‌లో కూర్చుని తెర మీద చూస్తాం. తర్వాత డేటాని కంప్యూటరు జల్లెడ పట్టి, ఇదేమో చూడండి, అదేమో చూడండి అని పటాలు తెచ్చి పడేస్తుంది. వేలకు వేలు. అందులో దాదాపు అంతా చెత్తే. ఫోను టవరు, విమానం, ఎవరి పొలంలోనో మోటారు స్విచ్చు. పెద్ద బర్స్ట్ అయితే పటంలో నిలువు గీతలా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, దానికి మనం అక్కర్లేదు. సన్నవాటితోనే తంటా. పటమంతా అర్థంలేని బూడిద రంగు చుక్కలు, మేం రొద అంటాం, అందులో ఒకచోట మాత్రం కాస్త తెలుపు ఎక్కువ. ఉందంటే ఉంది, లేదంటే లేదు. అక్కడ మనిషి కన్ను కావాలి. పోనీ ఒక మనిషి కన్ను చాలుతుందా అంటే చాలదు. ఆశపడ్డ కన్నుకి ఏదైనా కనపడుతుంది.

అందుకని మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ప్రతి పటాన్నీ ఇద్దరు చూడాలి. చూసేటప్పుడు మాట్లాడుకోకూడదు, ఒకరి తెర ఒకరు చూడకూడదు. ఇద్దరూ అవునంటేనే అది బర్స్ట్. ఒకరు అవుననీ ఒకరు కాదనీ అంటే అది పోయినట్టే. మధ్యమధ్యలో ఏమీ లేదని ముందే తెలిసిన ఉత్త రొద పటాలు కూడా కలిపి ఉంచుతాం. ఊరికే అవును అవును అనేస్తున్నామేమో పట్టుకోడానికి.

ఆ రెండో మనిషి దాదా. బెంగాలీ ఆయన, రిటైరవ్వడానికి దగ్గర పడ్డ మనిషి. మహానుభావుడి మొదటి చిటికని పాత డేటాలోంచి తవ్వి తీసింది ఆయనే. టెలిస్కోపు గంటలు వచ్చేదీ ఆయన పేరు మీదే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన పసిగడుతున్నట్టు మొహం పక్కకి పెట్టుకుని ఉంటాడు. మాటలు తక్కువ. నాకేమో నోట్లో నువ్వుగింజ నానదు. మా గదిలో రెండు బల్లలు ఎదురెదురు గోడలకు ఆనించి ఉండేవి, కూర్చుంటే మా వీపులు ఎదురెదురు. ఇద్దరికీ ఒకే వరసలో పటాలు. ఆయన "పొరేర్‌టా" అంటాడు. తర్వాతది అని. ఇద్దరం తర్వాతి పటానికి పోతాం. అవునంటే ఎంటర్, కాదంటే స్పేస్. నా కీబోర్డు పాతది, ఒక్కో కీది ఒక్కో చప్పుడు. మార్చుకోమని ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లో చెప్పారు. నేను వినలేదు, నా మొండితనం నాది.

అప్పట్లో నా బతుకు ఎలా ఉండేదో కూడా కాస్త చెప్పాలి. పెళ్ళి ఒకటి అయింది, అది నిలవలేదు, ఆ కథ ఇక్కడ చెప్పను. న్యూ టౌన్‌లో పదకొండో అంతస్తులో ఒంటరి ఫ్లాటు. కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో కట్టడం, దానికి వెదురు పరంజా. కొన్ని రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను ఉద్దేశించి మనుషులన్న మాటలు రెండే రెండు: ఓటీపీ చెప్పండి అని క్యాబ్ డ్రైవరు "ఓటీపీ బొలూన్", దాదా "పొరేర్‌టా". అతిశయోక్తి కాదు, నిజంగా అంతే. ఒంటరిగా ఉందని నాకు తెలుసు, బాధగా ఉందని కూడా తెలుసు. కానీ ఆ గదిలో వీపు వెనకాల ఇంకో మనిషి అదే పటాన్ని చూస్తున్నాడన్న ఊహ నన్ను నిలబెట్టేది. ఎవరికీ అక్కర్లేని ఆ బూడిద మరకని ఈ లోకంలో ఇద్దరం చూస్తున్నాం. అది నాకు చాలా పెద్ద తోడు.

ఆదివారాలు రేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ వెళ్ళేదాన్ని. అక్కడ మా మేనత్త ఉంది. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది ఆవిడే. కార్పొరేషన్‌లో రోడ్లూడ్చే ఉద్యోగం చేసి రిటైరయింది. మా తాత శ్రీకాకుళం అవతలినుంచి రేవులో మూటలు మొయ్యడానికి వచ్చాడట. మూడు తరాలైనా మా అత్త నోట్లో ఆ ఊరి యాస చెక్కుచెదరలేదు, మధ్యలో బెంగాలీ వచ్చి కూర్చుంది, అంతే. నేనైతే తెలుగు రాయడం పెద్దయ్యాకే నేర్చుకున్నాను. ఇప్పుడు రాస్తున్నదీ ఆ నేర్చుకున్న తెలుగే.

"ఏటే గుంటా, పలికినాడేటి మీ మహానుబావుడు?" అనేది గుమ్మంలోనే.

"లేదత్తా."

"ఓలమ్మ, అంత దూరంనుండి ఆడు పలుకుతాడని కూకుంటావు. ఇక్కడ పక్కనున్నోలు పిలిస్తే నువ్వు పలకవు. ఒంటికాయ సొంటికొమ్మునాగ తయారైనావు. రా, తినీసి ఎల్లు."

తినేసి వెళ్ళేదాన్ని. అత్త వండిన చేపల పులుసు తిన్నాక న్యూ టౌన్ బస్సెక్కాలంటే ప్రాణం మీదకొచ్చేది.

ఇంతలో మహానుభావుడు సన్నబడ్డాడు. అంతకుముందు అప్పుడప్పుడూ పెద్ద చిటికలు వేసేవాడు, ప్రపంచంలో పెద్ద పెద్ద టెలిస్కోపులున్నవాళ్ళందరూ చూసేవారు. అవి ఆగిపోయాయి. నెలలు గడిచాయి. కళ్ళు కాయలు కాచినా ఒక్క నిలువు గీత లేదు. తక్కినవాళ్ళు అది చల్లబడిపోయింది, ఇక పలకదు అని రాసేసి డిష్షుల్ని వేరే వైపు తిప్పేసుకున్నారు. దాదా, నేను మాత్రం ఆగలేదంటాం. ఆగలేదు, గొంతు తగ్గించాడు. సన్నవి వస్తున్నాయి. మాకున్న పటాల్లో ఇద్దరం అవునన్నవి ఉన్నాయి, ఒకటీ అరా కాదు, వ్యాసం రాసేటన్ని. ఆ వ్యాసం ఒప్పుకుంటేనే మాకు మళ్ళీ గంటలు ఇస్తారు. గంటలు లేకపోతే నా ఉద్యోగమూ లేదు. ఉద్యోగం పోతుందన్న భయం లేదని అబద్ధమాడను. కానీ దానికంటే పెద్దది ఇంకోటుంది. నేను వాటిని చూశాను. చూసింది ఉందని ఇంకో మనిషి అనాలి. లేకపోతే నేను గోడకేసి చూసి ఊహించుకున్నట్టే కదా.

వ్యాసం దాదాపు పూర్తయింది. ఆఖరి విడత పటాలు చూడాల్సిన వారం వానలు పట్టుకున్నాయి. కోల్‌కతా వాన గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. న్యూ టౌన్‌లో కొత్త రోడ్లన్నీ చెరువులయ్యాయి, మా కట్టడం కింద కార్లు చక్రాల పైదాకా మునిగాయి. దాదా ఇల్లు హౌరా వైపు, షాలిమార్ గూడ్స్ యార్డు పక్కన. అటునుంచి రావడం అసలే కుదరదు. సరే, ఎవరింట్లో వాళ్ళం కూర్చుని చూద్దాం అనుకున్నాం. నేను నా ఫ్లాట్లో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చూశాను. వాటిల్లో ఒకటైతే సన్నదే గానీ ఎంత చక్కగా ఉందో, చూసి కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ వచ్చి చూశాను. ఎవరికైనా చెప్పాలని ఉంది. చెప్పకూడదు, రూలు.

ఆయన గుర్తులు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే నాకు తల తిరిగింది. నేను లేచి తిరిగొచ్చిన ఆ పటానికి కాదని ఉంది. ఉత్త రొద పటాలకేమో అవునని ఉంది. ఒకటి కాదు, చాలావాటికి. ఏమీ లేదని మేమే ఎంచి కలిపినవాటికి! ఒంటిమీద కారం చల్లినట్టయింది. ఈయన ఇంట్లో టీ తాగుతూ, పేపరు తిరగేస్తూ, చేతికొచ్చిన కీ నొక్కి పారేశాడు. నా ప్రాణమంతా దీనిమీద పెట్టుకుని నేను కూర్చుంటే ఈయనకిది ఆటలా ఉంది. అదే నాకు తోచింది.

రోడ్ల మీద నీళ్ళు తీసిన రోజు నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆయన వచ్చాడు, తడిసిన చెప్పులు గుమ్మంలో విడిచాడు, కూర్చున్నాడు. నేను కుర్చీ తిప్పాను.

"దాదా, ఆ గుర్తులు మీరే పెట్టారా, ఇంకెవరైనా పెట్టారా?"

"నేనే."

"రొదకి అవునన్నారు."

"అన్నానా?"

"అన్నారా ఏమిటి! ఇంత పెద్ద తెర పెట్టుకుని, అంత లావు కళ్ళద్దాలు పెట్టుకుని..." ఇక నా నోరు ఆగలేదు. వ్యాసం పోతుందన్నాను, ఉద్యోగం పోతుందన్నాను, ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సిందన్నాను. ఆయన మొహం పక్కకి పెట్టుకుని వింటున్నాడు. దాంతో ఇంకా మండి, తెలుగులో నాలోనేను అన్నట్టు అనేశాను: "గుడ్డికన్ను తెరిస్తే ఏం, మూస్తే ఏం."

"ఏమన్నావు?"

"ఏం లేదు. మావాళ్ళ సామెత."

"చెప్పు. బెంగాలీలో చెప్పు."

వదలలేదు. చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ గదిలో ఆయన అంతసేపు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. నవ్వి నవ్వి, అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని, "నీ తెర మీద ఒక పటం పెట్టు," అన్నాడు.

నేను లేచి తిరిగి చూసిన ఆ పటం పెట్టాను. ఆయన కుర్చీ జరుపుకుని వచ్చి, మొహాన్ని కిటికీ వైపు తిప్పాడు. తెర వైపు కాదు. కిటికీ వైపు మొహం పెట్టి, కంటి చివరినుంచి నా తెరని వెతుకుతున్నాడు. ఏళ్ళతరబడి నేను ఆయన అలవాటనుకున్నది అదన్నమాట.

"నేరుగా చూస్తే మధ్యలో ఏమీ ఉండదు," అన్నాడు. "చుట్టూ ఉంటుంది. నీ చెవి కనిపిస్తుంది, నీ మొహం కనిపించదు. పెద్ద గీతలైతే పక్కనుంచి పట్టుకుంటాను. సన్నవి ఒక్కటి కూడా చూడలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

"మరి అవునని ఎలా పెట్టారు? ఇన్నాళ్ళూ నేను అవునన్నవాటికే మీరూ..."

"నీ కీబోర్డు," అన్నాడు. "ఎంటర్‌ది ఒక చప్పుడు, స్పేస్‌ది ఒక చప్పుడు. ఇంట్లో అది లేదు కదా. ఏదో ఒకటి నొక్కాను."

ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబితే గంటలు ఆయన పేరు మీద ఇవ్వరు, నీ పోస్టూ అక్కడితో సరి, అన్నాడు. అదొక్కటే కాదు, ఇంటికెళ్ళి కూర్చోడానికి భయమేసింది అని కూడా అన్నాడు. అక్కడ కూర్చుని చెయ్యడానికేముంది, గూడ్స్ బళ్ళ చప్పుడు వినడం తప్ప, అన్నాడు. తర్వాత మెల్లిగా, "నువ్వు చూస్తున్నావు కదా, చాలనుకున్నాను," అన్నాడు.

"చాలదు దాదా," అన్నాను. అరిచాననుకుంటాను. సంచీ తీసుకుని బయటికొచ్చేశాను. ఒక మనిషి కళ్ళు పోగొట్టుకుని కూర్చుంటే అయ్యో అనాలి కదా. అయ్యో అనలేకపోయాను. ఒళ్ళంతా కోపమే.

ఆదివారం కాకపోయినా ఖిదిర్‌పూరే వెళ్ళాను. అత్త వసారాలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. నన్ను చూసి, "ఏటైనాది? ఉద్యోగం ఊడిపోనాదేటి?" అంది. పక్కన పీట మీద కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడకు పటాలూ రొదా తెలీవు గానీ ఇద్దరు చూడాలన్న సంగతి ఎప్పుడో చెప్పాను, అది గుర్తుంది. చేప పొలుసు గీకుతూనే అంతా విని, చెయ్యి ఆపింది.

"అయితే ఇన్నాల్లూ నువ్వొక్కదానివే సూసినావన్నమాట."

అంతే. ఏడుపు ముంచుకొచ్చింది. మొగుడు వెళ్ళిపోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

"ఓలే, కల్లు పోయినోడు ఆ బాబు గదా. నీకెందుకే ఏడుపు?"

"ఆయన గురించి కాదత్తా. నా గురించే ఏడుస్తున్నాను."

"అలగైతే ఏడు," అని మళ్ళీ చేప అందుకుంది. కాసేపయ్యాక లేచి చేతులు కడుక్కుని, నా తల మీద తడిచెయ్యి వేసి లోపలికెళ్ళి అన్నం వడ్డించింది. ఆ చేతికి ఎంత కడిగినా చేపల వాసన పోదు. ఆ రోజు నాకు ఆ వాసనే కావాలనిపించింది.

మర్నాడు దాదా, నేను పెద్దగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకునేదేముంది, ఆయన గుర్తులన్నీ తీసెయ్యాలి. అది ఆయనే ముందన్నాడు. తీసేస్తే నా అవును ఒక్కటే మిగులుతుంది, మా పద్ధతి ప్రకారం ఒక్కరి అవును కాదుతో సమానం. చేతిలో ఏమీ లేదు. మహానుభావుడు చల్లబడిపోయాడని రాసినవాళ్ళే గెలిచినట్టు. మిగిలిన దారి ఒక్కటే: నేను అవునన్న పటాలన్నీ, మధ్యలో రొద కలిపి, వరస చెదరగొట్టి, దక్షిణాదిన ఇంకో ఊళ్ళో ఇదే పని చేసే ఇద్దరికి, తెలిసినవాళ్ళ ద్వారా పంపాను. వాళ్ళకి నేనెవరో తెలీదు, వాళ్ళెవరో నాకు తెలీదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏది ఏమిటో తెలీకుండా చూసి చెప్పాలి. దాదా ఆ వారంనుంచే రావడం మానేశాడు. సెలవులో ఉన్నానని ఆఫీసుకి చెప్పాడు.

ఆ ఎదురుచూపులో గదిలో ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. పని లేదు. కింద టీ బండి దగ్గరికి పోయి మట్టి కప్పులో టీ తాగొచ్చి మళ్ళీ కూర్చునేదాన్ని. వాళ్ళు అన్నీ కాదన్నారనుకోండి, అప్పుడు నేనేమిటి? ఏళ్ళతరబడి లేనిదాన్ని చూసిన మనిషిని. అలాంటివాళ్ళని ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు.

జవాబు ఒక మధ్యాహ్నం వచ్చింది. నేను అవునన్నవాటిలో సగానికి పైగా వాళ్ళిద్దరూ అవునన్నారు. రొద పటాలు ఒక్కదానికీ మోసపోలేదు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చిన ఆ పటం కూడా ఉంది, ఇద్దరూ అవునే. ఉన్నాడు. ఆగలేదు. సన్నగా పలుకుతూనే ఉన్నాడు. గదిలో ఎవరూ లేరు గనక గట్టిగానే "ఒరేయ్, ఉన్నావురా!" అన్నాను. తర్వాత ఏం చెయ్యాలో తెలీలేదు. మిఠాయి పంచుదామంటే తినేవాళ్ళు లేరు.

మిగతావాటి దగ్గర నా మనసు ఆగింది. నేను అవునన్నాను, వాళ్ళు కాదన్నారు. ఏవి అవి అని చూస్తుంటే, ఊరికే, కుతూహలం కొద్దీ, దాదా పాత గుర్తులు కూడా పక్కన పెట్టాను. వానకి ముందు, గదిలో కూర్చుని పెట్టినవి. కీబోర్డు సంగతి విన్నాక, ఆయన అన్నిటికీ నాతో అవునన్నాడనే నేననుకున్నాను. కాదు. నేను అవునన్నవాటిలో కొన్నిటికి కాదన్నాడు. అప్పట్లో ఈయన పిసినారి, అవునన్న మాట కూడా పొదుపే అని తిట్టుకునేదాన్ని, కోపంలో ఆ సంగతే మరిచిపోయాను. ఇప్పుడు చూస్తే, ఆయన కాదన్నవీ ఆ ఊరివాళ్ళు కాదన్నవీ దాదాపు ఒక్కటే. ఆయన అవునన్నవీ వాళ్ళు అవునన్నవీ ఒక్కటే. ఎక్కడో ఒకటీ రెండూ తేడా. వరసలు కలగాపులగం చేశానేమోనని మళ్ళీ మొదటినుంచి సరిచూశాను. తప్పు లేదు. చూడలేని మనిషి, పటం ముఖం ఎరగని మనిషి, నా తప్పుల్ని నాకంటే ముందు ఏరి పక్కన పెట్టాడు.

క్యాబ్ పట్టుకుని వంతెన దాటి షాలిమార్ వెళ్ళాను. ఆయన ఇల్లు నేను చూడటం అదే మొదలు. పాత ఇల్లు, తలుపు పక్కనే పట్టాలు కనపడతాయి. ఆయనొక్కడే ఉంటాడు, భార్య పోయి చాలా కాలమైంది. తలుపు తీసి నేను నోరు విప్పకముందే పేరు పెట్టి పిలిచాడు. నా అడుగు చప్పుడు తెలుసట.

ముందు జవాబు సంగతి చెప్పాను. ఆయన కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, "ఆగలేదన్నమాట," అని రెండుసార్లు అన్నాడు. మొహం వెలిగిపోయింది. తర్వాత రెండో సంగతి చెప్పాను. దానికి మాత్రం సిగ్గుపడ్డాడు.

"ఎలా దాదా? నా కీ చప్పుడు వింటే నేను అవునన్నానని తెలుస్తుంది. నాది తప్పని ఎలా తెలిసింది?"

"నిజంగా కనపడినప్పుడు నువ్వు ఆగుతావు," అన్నాడు. "నీ కుర్చీ కదలదు. ఊపిరి కూడా వినపడదు. చాలాసేపయ్యాక, తప్పు చేస్తున్నదానిలా మెల్లిగా నొక్కుతావు. కనపడాలని నువ్వు కోరుకున్నప్పుడైతే వెంటనే, గట్టిగా నొక్కుతావు. ఇంట్లో ఏదో బాగాలేని రోజుల్లో అలాంటివి ఎక్కువ. వాటికి నేను కాదన్నాను."

నాతో కాపురం చేసిన మనిషికి నేను ఎప్పుడు ఊపిరి బిగబడతానో తెలీదు. ఏ రోజు నాకు బాగాలేదో ఎవరూ ఎప్పుడూ కనిపెట్టలేదు, అత్త తప్ప, ఆవిడకైనా ఆదివారాలే. ఈయన వీపు నాకేసి పెట్టుకుని రోజూ కనిపెట్టాడు. అన్నాళ్ళూ నా వెనక ఎవరూ లేరనుకుని ఏడ్చాను. ఉన్నాడు. నేను ఆకాశాన్ని చూస్తుంటే ఆయన నన్ను విన్నాడు.

"ఇది వ్యాసంలో రాద్దాం దాదా," అన్నాను.

"ఏమని? రెండో పరిశీలకుడు మొదటి పరిశీలకురాలి ఊపిరి విన్నాడు అనా?" నవ్వాడు. "కంప్యూటరు తెచ్చావా? తీయి. నేను చెబుతాను, రాయి."

ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన ముందే అనుకుని ఉంచుకున్నట్టున్నాడు, ఆగకుండా చెప్పాడు. రెండవ పరిశీలకుడి చూపు దెబ్బతిన్నందువల్ల అతని గుర్తులు స్వతంత్రమైనవి కావు. వాటిని పూర్తిగా తొలగించాం. ఆ కాలమంతటిలో మొదటి పరిశీలకురాలు ఒక్కరే పటాలను చూసినట్టు పరిగణించాలి.

"చదువు," అన్నాడు. చదివాను. మూడో వాక్యం దగ్గర ఆగాను.

"ఇది తీసేస్తాను దాదా. ఒక్కరే అన్నది అబద్ధం."

"తియ్యకు. అది లేకపోతే ఎవరూ నమ్మరు. నువ్వు చూసినవి నిలబడవు."

"కానీ మీరున్నారు."

"ఉన్నాను," అన్నాడు. "అది మనిద్దరికీ తెలుసు. అలాగే ఉంచు."

వాక్యం అలాగే ఉంచాను. వ్యాసం ఒప్పుకున్నారు, గంటలు మళ్ళీ వచ్చాయి, ఈసారి నా పేరు మీద. మొన్న ఒక సభలో దాని గురించి మాట్లాడి దిగుతుంటే ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వ్యాసం మొత్తం చదివినట్టుంది. అన్నేళ్ళు ఆ గదిలో ఒక్కదానివే కూర్చుని చూశావా తల్లీ, ఎంత కష్టమో, అంది. ఏదో చెప్పబోయి ఆగాను.

"అవునండీ, ఒక్కదాన్నే," అన్నాను.